పత్యం పనిచేసే చోటు, పనిచేయని చోటు

(పొదిలిలో విశ్రాంత ఉద్యోగుల కోసం జరిగిన ఆరోగ్య సదస్సులో, ఒంగోలులో ప్రాక్టీసు చేస్తున్న ఒక నరాల వైద్యుడి ప్రసంగానికి రాత రూపం. చివర్లో సభికుల ప్రశ్నలు కొన్ని.)

అందరికీ నమస్కారం. వెనక నిలబడ్డవాళ్లు ముందుకొచ్చి కూర్చోండి. ముందు వరసలో కుర్చీలన్నీ ఖాళీగా ఉన్నాయి. డాక్టరుకు దగ్గరగా కూర్చుంటే సూది వేస్తాడని భయం కాబోలు. (నవ్వులు)

మా ఓపీలో రోజూ జరిగే సంగతి ఒకటి చెప్తాను. పరీక్ష చేస్తాం, చీటీ రాస్తాం, ఏ మాత్ర ఎప్పుడు వేసుకోవాలో చెప్తాం. అంతా విని, లేచి, తలుపు దాకా వెళ్లి వెనక్కి తిరుగుతారు. "సార్, ఏం తినకూడదు?" ఫిట్స్ వచ్చినవాళ్లూ అదే అడుగుతారు, కాలూ చెయ్యీ పడిపోయినవాళ్లూ అదే, తలనొప్పివాళ్లూ అదే. ఏం తినాలని అడిగేవాళ్లు తక్కువ. జబ్బు అనగానే మనకు పత్యం గుర్తొస్తుంది, పత్యం అంటే ఏదో ఒకటి మానేయడం. వంకాయ, గోంగూర, చిక్కుడుకాయ, పెరుగు... నేను "అన్నీ తినొచ్చమ్మా" అన్నానా, ముఖంలో నమ్మకం సగం తగ్గిపోతుంది. ఈయనకు సరిగ్గా తెలియదేమో అన్నట్టు చూస్తారు.

నిజానికి "అన్నీ తినొచ్చు" అనే మాట కూడా అన్ని జబ్బులకూ చెల్లదు. కొన్ని నరాల జబ్బులకు తిండే మందు. కొన్నిట్లో తిండి వేళలు సర్దకపోతే వేసుకున్న మాత్ర సరిగ్గా పనిచేయదు. ఇంకా చాలా జబ్బుల్లో తిండి పాత్ర చాలా కొంచెం. ఈ మూడింటినీ ఒకే గాటన కట్టేసి "ఇది తింటే నరాలకు బలం, ఇది తాగితే ఫిట్స్ మాయం" అని ఫోన్లో వీడియోలు వస్తుంటాయి. అవి చూసి మాత్రలు ఆపేసి, నెల తిరక్కుండా ఎమర్జెన్సీకి వచ్చేవాళ్లు ఉన్నారు. కాబట్టి ఏ జబ్బు ఏ గుంపులోకి వస్తుందో ఇవాళ కాస్త తీరిగ్గా మాట్లాడుకుందాం.

ఈ విషయం మొదలుపెట్టడానికి పొదిలి కంటే తగిన ఊరు లేదు. మీ ఊరిని పొగడటానికి అనడం లేదు. నోట్లోంచి లోపలికి వెళ్లింది వెన్నులో నరాలను దెబ్బతీస్తుందని మన దేశంలో మొదట గుర్తించింది ఈ ప్రాంతాల్లోనే. 1937లో షార్ట్ అనే డాక్టరు, ఆయన సహచరులు నెల్లూరు జిల్లాలో ఫ్లోరైడ్ జబ్బు గురించి ఇండియన్ మెడికల్ గెజిట్ లో రాశారు. అప్పట్లో పొదిలి, కనిగిరి, దర్శి అన్నీ నెల్లూరు జిల్లా కిందే ఉండేవి. మన ప్రకాశం జిల్లా 1970లో గానీ ఏర్పడలేదు. నడుం వంగని మనుషులు, మెడ తిప్పలేక ఒళ్లంతా తిప్పి చూసే మనుషులు, కాళ్లు బిగుసుకుపోయి మంచాన పడ్డవాళ్లు. ఇక్కడున్న పెద్దవాళ్లకు నేను వర్ణించి చెప్పక్కర్లేదు, మీ ఇళ్లలోనే చూసి ఉంటారు.

ఫ్లోరైడ్ నేరుగా నరాన్ని తినేయదు. ఏళ్ల తరబడి ఎముకలో చేరుతుంది, ఎముక మందమవుతుంది, వెన్నుపూసల మధ్య కట్లు సున్నంలా గట్టిపడతాయి. వెన్నుపాము వెళ్లే దారి ఇరుకై అది నలుగుతుంది. మొదట అరికాళ్లలో తిమ్మిర్లు, తర్వాత కాళ్లు కర్రల్లా బిగియడం, ఆఖరికి నడక పోవడం. అక్కడిదాకా వెళ్లాక ఏం తిన్నా ఆ ఎముక వెనక్కి రాదు. కొందరికి ఆపరేషన్ చేసి ఒత్తిడి తీస్తే కొంత ఉపశమనం ఉంటుంది, అంతే.

ముందు జాగ్రత్త మాత్రం మన చేతుల్లో ఉంది. అది నీళ్లతో మొదలవుతుంది. లీటరు నీళ్లలో 1.5 మిల్లీగ్రాములు దాటితే ఆ నీళ్లు పనికిరావు. నీళ్లు మరిగిస్తే ఫ్లోరైడ్ పోతుందని ఇంకా చాలామంది అనుకుంటున్నారు. పోదు. నీరు ఆవిరై, ఉన్న ఫ్లోరైడ్ ఇంకా చిక్కబడుతుంది. ఇంకోటి నేను ఇళ్లలో చూస్తున్నది: తాగడానికి క్యాన్ నీళ్లు కొంటారు, అన్నం, పప్పు మాత్రం బోరు నీళ్లతోనే వండుతారు. బియ్యం పోసిన నీళ్లన్నీ పీల్చుకుంటుంది కదా, పప్పు ఉడికినంతసేపూ నీళ్లు ఇంకుతూనే ఉంటాయి కదా. గ్లాసులో వద్దనుకున్నది పళ్లెంలోకి వస్తోంది. వంటకు కూడా మంచి నీళ్లే వాడండి. డికాక్షన్ గాఢంగా మరిగించిన టీలో కూడా ఫ్లోరైడ్ ఉంటుంది, రోజుకు ఎన్ని కప్పులో చూసుకోండి. ఎదిగే పిల్లలకు పాలు, పెరుగు, రాగిజావ, ముల్లుతో సహా నమిలే చిన్న చేపలు పెట్టండి. ఒంట్లో కాల్షియం సరిపడా ఉన్న పిల్లల్లో ఫ్లోరైడ్ చేసే నష్టం తక్కువగా ఉంటుంది.

ఇది లోపలికి వెళ్లకూడనిది వెళ్లడం. వెళ్లవలసింది వెళ్లకపోవడం ఇంకో రకం. అందులో మన దగ్గర రోజూ కనిపించేది బీ12 లోపం.

ఇలాంటివాళ్లు ఎలా వస్తారో చెప్తాను. అరవై దాటిన ఆవిడ. గుడ్డు కూడా ముట్టని ఇల్లు. షుగరుకు పదేళ్లుగా మెట్ ఫార్మిన్ వేసుకుంటోంది. పాలు పడవని మజ్జిగ పలచగా చేసుకుని ఒక గ్లాసు తాగుతుంది, అంతే. నడుస్తుంటే ఎడమ కాలి చెప్పు జారిపోయి వాకిట్లోనే ఉండిపోతుంది, ఆవిడ ఇంకో పది అడుగులు వేస్తుంది. మనవడు "నానమ్మా, చెప్పు!" అని అరిస్తే గానీ తెలియదు. పొద్దున ముఖానికి సబ్బు రాసుకుని కళ్లు మూసుకుంటే తూలి గోడ పట్టుకుంటుంది. ఇంట్లోవాళ్లు వయసు మీద పడిందనుకుంటారు, ఎవరో కళ్లు తిరగడానికి మాత్రలు ఇస్తారు. అసలు సంగతి ఏమిటంటే, పాదం ఎక్కడుందో మెదడుకు చెప్పే నరాలు వెన్నుపాములో దెబ్బతింటున్నాయి. కళ్లు తెరిచి ఉంటే చూపుతో సర్దుకుంటుంది. మూస్తే ఆసరా పోతుంది.

ఒక రక్త పరీక్షతో దొరికే జబ్బు ఇది. తొందరగా పట్టుకుంటే ఇంజెక్షన్లతో బాగా తేరుకుంటారు. ఆలస్యం చేస్తే కొంత లోటు ఉండిపోతుంది. బీ12 ఆకుకూరల్లో దొరకదు, కాయగూరల్లో దొరకదు, పాలు, పెరుగు, గుడ్డు, చేప, మాంసంలోనే ఉంటుంది. శాకాహారం తప్పని నేను అనడం లేదు. మా ఇంట్లో కూడా సగం మంది శాకాహారులే. పాలు, పెరుగు సరిపడా తీసుకోండి, యాభై దాటాక, ముఖ్యంగా మెట్ ఫార్మిన్ గానీ గ్యాస్ మాత్రలు గానీ ఏళ్ల తరబడి వాడుతుంటే, పరీక్ష చేయించుకోండి. లోపం బాగా ముదిరాక తిండితో పూడ్చుకుంటానంటే కుదరదు, అప్పుడు ఇంజెక్షనో మాత్రో కావాల్సిందే. రక్తం తక్కువుందని వట్టి ఫోలిక్ యాసిడ్ మాత్రలు వేసుకుంటే రక్తం పెరుగుతుంది, నరాలు మాత్రం లోపల్లోపల పాడవుతూనే ఉంటాయి. అందుకని బీ12 చూసుకోకుండా అది మొదలుపెట్టకూడదు.

ఇక్కడ మందుల షాపుల గురించి ఒక్క మాట. తిమ్మిర్లనగానే బీకాంప్లెక్స్ మాత్రల అట్ట చేతిలో పెడతారు. ఏమీ కాదులే, బలానికే కదా అని ఏళ్ల తరబడి రోజుకు రెండు మూడు మింగుతారు. బీ6 ఎక్కువ మోతాదులో ఎక్కువకాలం వాడితే అదే తిమ్మిర్లు తెస్తుంది. తిమ్మిర్లకని వేసుకున్న మాత్రతోనే తిమ్మిర్లు! బలం మాత్రలకు కూడా ఒక లెక్కుంది.

బీ1 సంగతి మన పెద్దల కాలంలో ఇంకా పెద్దది. గుంటూరు, కృష్ణా, గోదావరి వైపు సర్కారు జిల్లాల్లో బెరిబెరి, అంటే బీ1 లోపంతో నరాలు దెబ్బతినే జబ్బు, ఒకప్పుడు బాగా ఉండేది. మిల్లులో తెల్లగా పాలిష్ పట్టిన పచ్చి బియ్యం, దాన్ని నాలుగైదు నీళ్లలో కడగడం, గంజి వార్చి పారబోయడం. తవుడుతో కొంత, కడుగుతో కొంత, గంజితో మిగిలింది పోయేది. పక్కనే తమిళ దేశంలో ఉప్పుడు బియ్యం తినేవాళ్లకు ఆ జబ్బు తక్కువ. ధాన్యం ఉడకబెట్టినప్పుడు ఆ విటమిన్ గింజ లోపలికి దిగుతుంది. ఇప్పుడు పప్పూ కూరా తింటున్నాం కాబట్టి మామూలుగా రాదు గానీ, రోజూ మందు తాగి అన్నం మానేసేవాళ్లలోనూ, వేవిళ్లతో వారాల తరబడి ఏమీ నిలవని గర్భిణుల్లోనూ ఇప్పటికీ వస్తోంది. చూపు అటూ ఇటూ కదలడం, తూలడం, తికమక మాటలు. వెంటనే బీ1 ఎక్కిస్తే గంటల్లో మార్పు కనిపిస్తుంది. తాగుబోతే కదా, మత్తు దిగితే లేస్తాడులే అని వదిలేస్తే జ్ఞాపకశక్తి శాశ్వతంగా పోవచ్చు.

ఇప్పుడు పార్కిన్సన్స్ దగ్గరికి వద్దాం. వణుకుడు జబ్బు అంటాం. దీని మీద కాస్త ఎక్కువసేపు మాట్లాడతాను. తిండి మార్చి ఫలితం కళ్లారా చూడగలిగే జబ్బు ఇది. పైగా ఈ కిటుకు చాలామందికి ఎవరూ చెప్పరు.

ఈ జబ్బుకు ముఖ్యమైన మందు లెవోడోపా. అది ఒక రకం అమైనో ఆమ్లం. పప్పు, గుడ్డు, మాంసం, పెరుగు అరిగితే వచ్చేవి కూడా అమైనో ఆమ్లాలే. పేగులోంచి రక్తంలోకి, రక్తంలోంచి మెదడులోకి ఇవన్నీ ఒకే ద్వారంలోంచి వెళ్లాలి. సంక్రాంతి ముందురోజు ఒంగోలు బస్టాండులో బస్సు తలుపు దగ్గర ఎలా ఉంటుందో తెలుసు కదా. నలుగురు బలమైనవాళ్లు ఎక్కేలోపల ముసలాయన కిందే ఉండిపోతాడు. పప్పన్నం తిన్న వెంటనే వేసుకున్న మాత్ర గతి అదే.

ఒక పెద్దాయన, వ్యవసాయం చేసిన మనిషి, పొద్దున్న బాగానే తిరుగుతాడు. మధ్యాహ్నం ఒంటిగంటకు ముద్దపప్పు, నెయ్యి, గుడ్డు కూర, గట్టి పెరుగుతో భోజనం చేసి, చివరి ముద్దతో పాటు మాత్ర వేసుకుంటాడు. రెండింటికి మంచం దిగలేడు. అడుగు నేలకు అతుక్కుపోతుంది. నాలుగున్నరకు మళ్లీ కాస్త తేలిక. కొడుకు వచ్చి "మందు పనిచేయడం లేదు సార్, డోసు పెంచండి" అంటాడు. నేను డోసు పెంచలేదు. వాళ్లావిడకు చెప్పి, గోడ మీద క్యాలెండర్లో రోజూ మూడు సంగతులు రాయించాను: మాత్ర ఎప్పుడు వేశాడు, అన్నం ఎప్పుడు తిన్నాడు, కాళ్లు ఎప్పుడు బిగిశాయి. ఆవిడ చదువుకున్నది అయిదో తరగతే. కానీ అంత శుభ్రంగా రాసిన పేషెంటు షీటు మా హాస్పిటల్లో కూడా నేను చూడలేదు. (చప్పట్లు) ఆ రాత చూస్తే చాలు, విషయం తెలిసిపోయింది. మాత్రను భోజనానికి అరగంట ముందుకు జరిపాం. పప్పు, గుడ్డు, పెరుగు ఎక్కువ భాగం రాత్రి భోజనంలోకి మార్చాం. మధ్యాహ్నం అన్నం, కూర, చారు. రాత్రి కాస్త బిగిసినా పడుకునే వేళే కదా. ఆయన మధ్యాహ్నం మళ్లీ రచ్చబండ దాకా వెళ్లగలిగాడు.

దీనిలో జాగ్రత్త ఉంది. జబ్బు కొత్తగా వచ్చి, మాత్ర రోజంతా సాఫీగా పనిచేస్తుంటే ఈ మార్పులేవీ అక్కర్లేదు. ప్రోటీన్ తగ్గించమని నేను చెప్పలేదు, వేళ మార్చమన్నాను. ఈ జబ్బులో మనుషులు చిక్కిపోతారు, వాళ్లకు పప్పూ గుడ్డూ మానిపిస్తే నీరసంతో పడిపోతారు. ఐరన్ మాత్ర కూడా లెవోడోపాను పట్టేస్తుంది, రెంటికీ మధ్య గంటా రెండు గంటలు ఎడం ఉంచండి. మలబద్ధకాన్ని తేలిగ్గా తీసుకోకండి. పొట్ట కదలకపోతే మాత్ర ముందుకు కదలదు. నీళ్లు, పీచున్న కూరలు, జామపండు, నానబెట్టిన ఎండుద్రాక్ష ఇందుకు పనికొస్తాయి.

దూలగొండి గింజల పొడి గురించి ఎవరో ఒకరు అడుగుతారని నాకు తెలుసు. అవును, అందులో లెవోడోపా ఉంది. 1937లో మద్రాసులో దామోదరన్, రామస్వామి అనే ఇద్దరు రసాయన శాస్త్రవేత్తలు ఆ గింజల్లోంచే దాన్ని వేరుచేశారు. మన ఫ్లోరైడ్ నివేదిక వచ్చిన ఏడాదే, చూడండి. అప్పటికి అది వణుకుడు జబ్బుకు మందవుతుందని ఆధునిక వైద్యంలో ఎవరికీ తెలియదు, మాత్రగా రావడానికి ఇంకో ముప్పై ఏళ్లు పట్టింది. ఆయుర్వేదంలో మాత్రం కంపవాతానికి ఆ గింజలు వాడుతూనే వచ్చారు. కాబట్టి దాన్ని నేను కొట్టిపారేయను. నా ఇబ్బంది మోతాదుతో. ఒక డబ్బాలో ఎంతుందో, తర్వాతి డబ్బాలో ఎంతుందో తెలియదు. మాత్రలతో పాటు గుట్టుగా ఆ పొడి కూడా తింటే ఒళ్లు మెలికలు తిరగడం, లేనివి కనిపించడం మొదలవుతాయి. తింటున్నారా, మీ డాక్టరుకు చెప్పి తినండి. తిట్టరు. తిడితే డాక్టరును మార్చండి. (నవ్వులు)

ఫిట్స్ దగ్గర కథ వేరు. పస్తుంటే మూర్ఛలు తగ్గుతాయని చాలా పూర్వకాలం నుంచీ మనుషులకు తెలుసు. రోజూ పస్తు ఉంచలేం కదా. 1921లో అమెరికాలో మేయో క్లినిక్ డాక్టరు వైల్డర్ ఒక ఉపాయం చెప్పాడు. పిండిపదార్థం దాదాపు తీసేసి, కొవ్వు బాగా పెంచితే పస్తున్నప్పుడు ఒంట్లో తయారయ్యే కీటోన్లే తయారవుతాయి, మెదడు వాటితో నడుస్తుంది. అదే కీటో డైట్. ఇప్పుడు బరువు తగ్గడానికి వాడుతున్నది మొదట పిల్లల మూర్ఛ కోసం పుట్టింది. 2008లో లండన్ లో 145 మంది పిల్లల మీద సరైన పద్ధతిలో పరీక్షించారు. రెండు మూడు మందులకు లొంగని ఫిట్స్ వాళ్లవి. మూడు నెలలకు డైట్ మీదున్న పిల్లల్లో 38 శాతం మందికి ఫిట్స్ సగానికి పైగా తగ్గాయి. మామూలు తిండి తిన్న గుంపులో 6 శాతం మందికే తగ్గాయి. తర్వాత మన ఢిల్లీ ఎయిమ్స్ లో కూడా దీన్ని కాస్త సులువు చేసిన డైట్ ను పిల్లల్లో పరీక్షించారు, అక్కడా ఫలితం బాగుంది.

ఇంత బాగున్నప్పుడు అందరికీ ఎందుకు పెట్టడం లేదంటారా? ఒక తల్లి రోజు ఎలా గడుస్తుందో చూడాలి. ఇడ్లీ లేదు, అన్నం లేదు, అరటిపండు లేదు. వంటింట్లో బంగారం తూచేలాంటి చిన్న త్రాసు. వెన్న ఇన్ని గ్రాములు, కొబ్బరినూనె ఇన్ని గ్రాములు, గుడ్డు ఇంత. పక్కింటి ఆవిడ ప్రేమగా ఒక బిస్కెట్ పెడితే ఆ రోజు లెక్కంతా పోయినట్టే. దగ్గు మందులో పంచదార ఉందేమో చూసుకోవాలి. కిడ్నీలో రాళ్లు రావచ్చు, కొలెస్టరాల్ పెరగొచ్చు, ఎదుగుదల తగ్గొచ్చు. పుట్టుకతో కొవ్వును వాడుకోలేని లోపం ఉన్న పిల్లలకు ఇది ప్రాణం మీదకు తెస్తుంది, అందుకే ముందు పరీక్షలు చేస్తాం. కాబట్టి ఇది హాస్పిటల్లో, డైటీషియన్ తోడుగా మొదలుపెట్టాల్సిన వైద్యం. ఒకే మాత్రతో ఫిట్స్ ఆగిపోయిన పిల్లలకు ఇది అవసరమే లేదు. కొన్నేళ్ల కింద మన రాష్ట్రాల్లో కొబ్బరినూనె డైట్ ఊపు వచ్చినప్పుడు ఫిట్స్ మాత్రలు ఆపేసి నూనె తాగినవాళ్లను చూశాను. ఫిట్స్ మాత్ర ఉన్నట్టుండి ఆపితే ఒకదాని మీద ఒకటి ఆగకుండా వస్తాయి.

ఫిట్స్ కు తిండితో ఇంకో లింకు ఉంది, అది శుభ్రత. మన దేశంలో ఫిట్స్ కు ఒక ముఖ్య కారణం మెదడులో బద్దెపురుగు తిత్తి. బద్దెపురుగు గుడ్లు మనిషి మలం ద్వారా మట్టిలోకి, నీళ్లలోకి, అక్కడి నుంచి ఆకుకూరల మీదకు చేరతాయి. పంది మాంసం జోలికే పోని ఇంట్లో కూడా వస్తుందేమిటని ఆశ్చర్యపోతారు. కారణం ఇదే. కొత్తిమీర, క్యాబేజీ, క్యారెట్ పచ్చిగా తినేటప్పుడు ధారగా పడే నీళ్లలో బాగా కడగండి. వంట చేసే చేతులు సబ్బుతో కడగండి.

పక్షవాతం. ఇక్కడ మన పత్యం మేలు కంటే కీడే ఎక్కువ చేస్తోంది. చిత్తూరు వైపు వెళ్లి పసరు మందు పోయించుకొచ్చాక నలభై రోజులు పత్యం అంటారు. చప్పిడి బీరకాయ కూర, చారన్నం. మంచాన పడ్డ మనిషికి కండ ఎలాగూ కరిగిపోతుంటుంది, దానికి పప్పూ గుడ్డూ కూడా ఆపేస్తే ఫిజియోథెరపీకి లేచి నిలబడే బలం ఎక్కడిది? వంకాయ వాతం చేసి మళ్లీ కాలూ చెయ్యీ పడిపోయిన కేసు నేను చూడలేదు. బీపీ మాత్రలు ఆపి, పత్యం మాత్రం నిష్ఠగా చేసి, మళ్లీ పడిపోయిన కేసులు చూశాను.

మానాల్సింది ఒకటుంది. దాన్ని మాత్రం పత్యంలో ఎవరూ చేర్చరు. ఉప్పు! రోజుకు అయిదు గ్రాములు, ఒక చిన్న టీస్పూను, దాటొద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ మాట. మన పళ్లెం చూడండి. గోంగూర పచ్చడి, ఆవకాయ, ఉప్పుచేప, అప్పడం, నల్లకారం, పైన మజ్జిగలో చిటికెడు. చైనాలో పల్లెటూళ్లలో దాదాపు 21 వేల మంది మీద అయిదేళ్లు ఒక పరిశోధన చేశారు, 2021లో వచ్చింది. మామూలు ఉప్పులో నాలుగో వంతు పొటాషియం ఉప్పు కలిపి ఇచ్చారు. పక్షవాతాలు 14 శాతం తగ్గాయి. మాత్ర కాదు, ఇంజెక్షన్ కాదు, ఉప్పు డబ్బా మారింది. కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లు, కొన్ని రకాల బీపీ మాత్రలు వాడేవాళ్లు డాక్టరును అడక్కుండా ఆ ఉప్పు కొనకండి, పొటాషియం పెరిగితే గుండెకు ప్రమాదం.

మైగ్రేన్ కు త్వరగా చెప్తాను. ఏది తింటే వస్తుందో అందరికీ ఒకే జాబితా లేదు. చాక్లెట్ తింటే వచ్చిందంటారు, ఒక్కోసారి తలనొప్పి వచ్చే ముందు శరీరమే తీపి అడుగుతుంది. తినకపోవడం మాత్రం ఖాయంగా తెస్తుంది. శనివారం ఒక్కపొద్దు, ఆదివారం తలనొప్పి, ఈ జోడీ నాకు బాగా పరిచయం. 2021లో 182 మంది మీద జరిగిన ఒక పరీక్షలో చేపనూనె తరహా కొవ్వు పెంచితే నెలలో తలనొప్పి రోజులు రెండు తగ్గాయి, దాంతో పాటు మామూలు వంటనూనెల కొవ్వు కూడా తగ్గిస్తే నాలుగు తగ్గాయి. మనకు సముద్రం పక్కనే ఉంది. కవళ్లు, కానాగంతలు లాంటి చవక చేపల్లోనే ఆ కొవ్వు ఎక్కువ. ఖరీదైన రొయ్యకు అంత లేదు. వేపుడు కాకుండా పులుసు పెట్టుకోండి. నెల్లూరువాళ్లకు పులుసు గురించి నేను చెప్తే బాగుండదనుకోండి. (నవ్వులు)

మతిమరుపు విషయంలో ఆశలు ఎక్కువ, ఆధారాలు తక్కువ. ఆకుకూరలు, పప్పులు, గింజలు, చేపలు ఎక్కువుండే ఒక డైట్ కు అమెరికాలో బాగా పేరొచ్చింది. 604 మందిని మూడేళ్లు గమనించి 2023లో ఫలితం చెప్పారు. మామూలు తిండితో కాస్త బరువు తగ్గినవాళ్లకూ వీళ్లకూ జ్ఞాపకశక్తిలో చెప్పుకోదగ్గ తేడా లేదు. ఆ తిండి గుండెకు మంచిదే, తినండి. మరచిపోయిన పేర్లు తిరిగొస్తాయని మాత్రం ఎవరైనా డబ్బా అమ్మితే కొనకండి.

ఇక మీరు అడగండి.

ప్రశ్న: డాక్టర్ గారూ, మా బావగారికి పక్షవాతం వస్తే పావురం మాంసం పెట్టమన్నారు. వేడి కదా, పడిపోయిన నరం లేస్తుందని.

జవాబు: చాలా ఊళ్లలో అంటారు. మాంసంగా అయితే అదీ కోడికూర లాంటిదే, ప్రోటీన్ వస్తుంది. నరం లేవడానికి అందులో ప్రత్యేకంగా ఏమీ లేదు. నా భయమల్లా దానికోసం వెతుకుతూ మొదటి నాలుగున్నర గంటలు పోగొట్టుకుంటారని. రక్తపు గడ్డ కరిగించే ఇంజెక్షన్ ఆ లోపలే ఇవ్వాలి. మూతి వంకరపోయినా, చెయ్యి జారిపోయినా, మాట ముద్దగా వచ్చినా వెంటనే స్కానింగ్ ఉన్న ఆసుపత్రికి బయల్దేరండి. పావురం సంగతి వారం తర్వాత చూద్దాం.

ప్రశ్న: మా అమ్మాయికి పెళ్లయింది సార్. పుట్టబోయే బిడ్డ నరాలకు ఏమైనా పెట్టాలా?

జవాబు: మంచి ప్రశ్న అడిగారమ్మా. ఫోలిక్ యాసిడ్, రోజుకు 400 మైక్రోగ్రాములు, గర్భం రాకముందు నుంచే. బిడ్డ వెన్నుపాము మూసుకునేది మొదటి నాలుగు వారాల్లో, అప్పటికి చాలామందికి నెల తప్పిందనే తెలియదు. మొదటి కాన్పులో వెన్నుపూస లోపంతో బిడ్డ పుట్టి ఉంటే డోసు పదింతలు ఉంటుంది, అది డాక్టరు రాస్తారు. ఇందాక చెప్పాను కదా, శాకాహారి అయితే బీ12 కూడా చూపించండి.

ప్రశ్న: మనవడికి ఆటిజం అన్నారు. గోధుమలు, పాలు మానిపిస్తే మాటలొస్తాయని ఒకచోట చెప్పి, పదిహేను వేలు తీసుకున్నారు.

జవాబు: ఆ రెండూ మానిపిస్తే ఆటిజం తగ్గుతుందని గట్టి ఆధారం లేదండీ. ఆ పిల్లలు అసలే నాలుగైదు రకాల తిండే తింటారు, అందులోంచి పాలు తీసేస్తే ఏం మిగులుతుంది? కడుపులో గోధుమ పడని జబ్బు వేరే ఉంటుంది, దానికి పరీక్ష ఉంది. పరీక్షలో తేలితే మానండి. ఆ పదిహేను వేలు స్పీచ్ థెరపీకి పెడితే పిల్లాడికి మేలు.

ప్రశ్న: మా ఆయనకు రెండు నెలల కింద పక్షవాతం వచ్చింది. ఏం పెట్టినా పొలమారుతోంది. మంచం మీదే పడుకోబెట్టి గంజి, పాలు స్పూనుతో పోస్తున్నా.

జవాబు: అమ్మా, మీరు ముందు ఆ పడుకోబెట్టి పోయడం ఆపండి. పొలమారితే ఎవరో తలుచుకుంటున్నారని నవ్వుకుంటాం గానీ, పక్షవాతం మనిషికి పొలమారిందంటే తిండి ఊపిరితిత్తుల్లోకి పోతోందని అర్థం. దాంతో న్యుమోనియా వస్తుంది. కొందరికి దగ్గు కూడా రాదు, తిన్నాక గొంతు తడిగా, గరగరలాడుతూ వినిపిస్తుంది. అది కూడా గమనించండి. ఇలాంటివాళ్లకు నీళ్లు, పాలు, పలచని గంజే అన్నిటికంటే ప్రమాదం, జర్రున జారిపోతాయి. చిక్కటి రాగిజావ, మెత్తగా పిసికిన పెరుగన్నం, మెదిపిన ఇడ్లీ సాంబారు కొంచెం సులువు. వెనక దిండ్లు పెట్టి నిటారుగా కూర్చోబెట్టండి, గడ్డం కాస్త ఛాతీ వైపు వంచమనండి. చిన్న స్పూను, బాగున్న బుగ్గ వైపు పెట్టండి. ఒక ముద్ద మింగి, నోరు తెరిచి చూపించాక రెండోది. పక్కన టీవీ ఆపేయండి, మాట్లాడించకండి. తిన్నాక అరగంట పడుకోబెట్టొద్దు. ఇవన్నీ చేసినా పొలమారుతుంటే, జ్వరం గానీ ఆయాసం గానీ ఉంటే, ముక్కులోంచి గొట్టం వేసి కొన్నాళ్లు నడపాల్సి రావచ్చు. భయపడకండి, చాలామందికి తర్వాత తీసేస్తాం. ఆయన్ను ఇక్కడికి తీసుకొచ్చారా? బయట ఆటోలో ఉన్నారా? సరే, ఇది అయ్యాక వస్తాను, ఒక గ్లాసు నీళ్లు, ఒక స్పూను తెప్పించి ఉంచండి. మింగడం ఎలా ఉందో నేనే చూస్తాను.